చివరి అంకె మార్చి ఇచ్చిన ఫోన్ నంబరు

మా ఆయనది తాడిపత్రిలో బండల పాలిష్ పని. రోజంతా రాతిబురద నీళ్లలో నిలబడతారు కాబట్టి ఆ పనివాళ్లకు తొడల సందున ఒరుపులు మామూలే. ఒకరోజు కాళ్లు ఎడంగా వేస్తూ ఇంటికొచ్చాడు. గజ్జల్లో బిళ్లలు, చలిజ్వరం. నాకు ఏదో తేడా కొట్టింది.

"నీళ్లకు ఒరిసినాదిలేమ్మే, వదిలేయ్" అన్నాడు.

పిచ్చిదాన్ని, నమ్మాను. కొబ్బరినూనెలో పసుపు కాచి ఇచ్చాను. అది తగ్గక, నాకు చెప్పకుండా అనంతపురంలో సుఖవ్యాధుల క్లినిక్‌కు వెళ్లాడట. హెచ్‌ఐవి టెస్ట్ కూడా చేశారు. నెగెటివ్.

"ఇది విండో పీరియడ్ కావచ్చు. కొత్తగా సోకితే టెస్ట్‌లో అప్పుడే తెలియదు. మూడు నెలలకు మళ్లీ రా, అంతదాకా కండోమ్ వాడు" అన్నారట డాక్టర్. ఈయన చెవికెక్కింది నెగెటివ్ అన్న ఒక్క మాటే.

క్లినిక్‌లో ఫోన్ నంబరు అడిగారు. మిషను నీళ్లకు ఫోను పాడవుతుందని ఆయన దాన్ని ఇంట్లోనే పెట్టి పోతాడు. మోగితే ఎత్తేది నేను. ఆ భయంతో చివరి అంకె మార్చి చెప్పాడు. మూడు నెలలకు వాళ్లు గుర్తుచేద్దామని ఫోన్ చేస్తే, ఎవరో రాంగ్ నంబర్ అని పెట్టేశారట.

ఇవన్నీ నాకు తెలిసింది కడుపుతో ఉండి రక్తపరీక్ష చేయించుకున్నాక. "మీ ఆయన్ని పిల్చుకొని రామ్మా" అంది కౌన్సిలర్. ఇద్దరికీ పాజిటివ్. ఆసుపత్రి బెంచీ మీద ఆయన తలెత్తలేదు.

"ఏమప్పా, నాకొక మాట చెప్పింటే ఏం పోయిండేది?"

"చెప్తే నువ్వు పుట్టింటికి పోతావని భయపడినా."

కొట్టాలనిపించింది. అంతకంటే ముందు కడుపులో బిడ్డ గుర్తొచ్చింది. "రాకుండా ఆపొచ్చమ్మా. హెచ్‌ఐవికి ఇచ్చే ఈ ఏఆర్‌టీ మాత్ర ఒక్కపూట కూడా తప్పకూడదు" అన్నారు డాక్టరమ్మ.

కానీ కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు తప్పించాను. ఇంటినిండా చుట్టాలు, ఎవరి కంటైనా పడుతుందని మాత్రలు మూటలో దాచి, చాలాసార్లు మింగనే లేదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పెరిగింది. "నీ సిగ్గుకు బిడ్డ బలి కావాల్నా?" అని డాక్టరమ్మ కోప్పడ్డారు. ఆ సాయంత్రమే ఏడుస్తూ నాయనకు చెప్పేశాను. నాయన లేచి, "మాత్ర యాడుండాది? నీళ్లు తెస్తా" అన్నాడు. కాన్పు అయ్యేవరకు రోజూ నాయనే ఎదుట నిలబడి మింగించాడు.

పాప పుట్టగానే సిరప్ పోశారు, మధ్యమధ్యలో టెస్టులు చేశారు. ఏడాదిన్నరకు చివరి టెస్ట్. అదీ నెగెటివ్! ఆ కాగితం పట్టుకొని బస్సు దాకా ఎట్లా నడిచానో తెలియదు.

ఇప్పుడు మా ఇద్దరికీ వైరల్ లోడ్ కనపడనంత తగ్గింది. ఆయన పనికి పోతున్నాడు, నేను ఇల్లు చూసుకుంటున్నాను. కాపురం నడుస్తోంది, కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఆయన దాచినందుకు జీవితాంతం మాత్ర నేనూ మింగాల్సిందే కదా.

చదివే అన్నలకు ఒక్క మాట. అట్లాంటి క్లినిక్‌కు పోతే మీ సొంత నంబరే ఇవ్వండి, రమ్మన్న రోజు మళ్లీ పోండి. వాళ్లు విషయం బయటపెట్టరు, ఒకసారి రమ్మంటారు, అంతే. ఆ ఫోను మా ఇంట్లో మోగి ఉంటే నేనే ఎత్తేదాన్ని. ఎవరు, ఎందుకు అని ఆయన్ని నిలదీసేదాన్ని. పెద్ద రచ్చ అయ్యేది, నాలుగు రోజులు పొయ్యి వెలిగేది కాదు. నాకు ఈ జబ్బు వచ్చేది కాదేమో.