ఆ ఏటి మంచు

అరవై దాటినా వీబ్రెన్ రోజూ పొద్దున్నే స్కేట్లు సానబట్టి, బొటనవేలి గోటితో అంచు చూసుకుంటాడు. మంచు మీద స్కేటింగ్‌లో, పదివేల మీటర్ల పోటీలో మూడుసార్లు దేశ విజేత. కాలువలన్నీ గడ్డకట్టిన ఆ ఏడు ఊరంతా ఆ మంచు మీదే స్కేట్లతో పదకొండు ఊళ్లు చుట్టొచ్చే పరుగుకు కదిలితే, వారంలో పోటీ ఉందని కాళ్లు అలిసిపోకూడదని ఇంట్లో కూర్చున్నాడు. మళ్లీసారి పోదాంలే అనుకున్నాడు. ఆ పోటీ గెలిచాడు. కాలువలు మాత్రం మళ్లీ అంత గట్టిగా గడ్డకట్టలేదు.

నిన్న చేపల కొట్లో, ఆ కొట్టు నడిపే చిట్స్కె, ఆనాడు అందరికంటే చివర గమ్యం చేరిన మనిషి, పరుగు పూర్తిచేసిన ప్రతివాళ్లకీ ఇచ్చిన చిన్న పతకం గోడకుంటే చూపించి ఉడికించింది. "ఏమయ్యా చాంపియనూ, నీ బీరువాలో ఇది లేదుగా!"

"లేదు చిట్స్కె. ఒక్కసారి పట్టుకోనిస్తావా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. చేతులు తుడుచుకుని, పతకం తీసి ఇచ్చింది. అతని వెనక వరసలో నిలబడ్డవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు.