యముడి దున్నపోతు దగ్గర ఆగిన నోరు

ఆస్ట్రేలియాలోని పాయింట్ కుక్‌లో కొత్త ఇళ్ళన్నీ ఒకే రేకులో దిగిన ఇడ్లీల్లా ఉంటాయి. అందుకని పాండురంగంగారు కారు తీసుకెళ్ళి పక్కవీధివాళ్ళ గరాజు ముందు ఆపి, రిమోట్ నొక్కీ నొక్కీ, చివరికి తలుపును అమ్మనా బూతులు తిట్టడం పెద్ద వింతేం కాదు. కూతురు ఉదయలక్ష్మికి మాత్రం గుండె జారింది. కారు తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి చేరాయి.

“మెమరీ టెస్ట్ క్లియర్ అయితేనే ఇస్తాను నాన్నా!”

తాళాలు పోవడమంటే ఆయనకు కాళ్ళు పోవడమే. కొత్తిమీర కట్ట కావాలన్నా అల్లుడి మొహం చూడాలి.

క్లినిక్‌లో పరీక్ష పెట్టే మార్తాది స్పెయిన్. ఆవిడ ఇంగ్లీషును తెలుగులో చెప్పడానికి సుగుణ కూర్చుంది.

“అంకుల్, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలిగితే అన్ని చెప్పండి. పక్షులైనా ఓకే.”

“ఓస్, ఇంతేనా!”

పాండురంగంగారు దేవుళ్ళను వరసగా పిలిచి, ఒక్కొక్కరినీ వాహనం మీంచి దింపడం మొదలెట్టారు. ఎద్దు, ఎలుక, నెమలి, సింహం, హంస, గద్ద, ఏనుగు, చిలక, మొసలి, జింక... నోరు మెయిలు బండిలా పోతోంది. సుగుణ అందుకోలేక రొప్పుతోంది.

ఉన్నట్టుండి బండి ఆగింది.

వరసలో తరవాతివాడు యముడు. ఎనభైలో పడ్డవాడు ఆయన్ని చేజేతులా పిలుచుకుంటాడా? దున్నపోతును మింగేశారు. పోనీ దాటేద్దామంటే, వెనకాలే కాకి మీద శని! అదీ మింగేశారు. రెండూ గొంతులో కుమ్ముకుంటుండగా గంట మోగింది.

ఉదయలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మర్చిపోయారా అంకుల్?” అంది సుగుణ మెల్లగా.

“మర్చిపోవడమా! గుర్తుండబట్టే కదమ్మా ఈ తిప్పలు. దున్నపోతును పిలిస్తే వట్టి దున్నపోతే వస్తుందా?”

సుగుణ అదంతా ఇంగ్లీషులో చెప్పగానే మార్తా పగలబడి నవ్వింది. వాళ్ళ అమ్మమ్మ ప్రాణం పోయినా పాము పేరు ఎత్తేది కాదట. అయినా ఆయన మింగేసినవాటిలో ఒక్కటీ మార్తా లెక్కలో కలపలేదు. ఎందుకు ఆగారో మాత్రం రాసుకుంది. మిగతా పరీక్షలన్నీ ఆయన అవలీలగా గట్టెక్కారు. మతికి వచ్చిన లోటేమీ లేదంది మార్తా.

ఇల్లు గుర్తుపట్టడానికి తమ గరాజు మీద ఇంతలావు దిష్టిబొమ్మ కట్టాలన్న షరతు మీద తాళాలు చేతికొచ్చాయి.

ఇంటికి వస్తూ ఉదయలక్ష్మి అడిగింది: “ఇన్నేళ్ళు ఆస్ట్రేలియాలో ఉండి కంగారూ ఒక్కటి చెప్పలేదేం నాన్నా?”

పాండురంగంగారు దర్జాగా ఇండికేటర్ వేశారు.

“దాని మీద ఏ దేవుడు ఎక్కాడే?”