సన్న కాలువల్లో బుడగల పందెం

టెక్కలిలో ఎం.టెక్ చదివేటప్పుడు నా ప్రాజెక్టంతా అరచేతిలో పట్టే ఒక రాగి పలక. దాని మీద అయిదు సన్న కాలువలు చెక్కించాను. ఒక్కో దానిలో అగ్గిపుల్ల కూడా దూరదు. పైన గాజు మూత, కింద హీటరు. పంపు ఒక చివర నుంచి నీళ్లు తోస్తుంది. అవి కాలువల్లో మరుగుతూ, ఆవిరితో కలిసి రెండో చివర బయటికొస్తాయి. నీరు ఆవిరయ్యేటప్పుడు బోలెడంత వేడిని పట్టుకుపోతుంది. కాబట్టి కంప్యూటర్ల లోపల వేడెక్కే చిప్పుల్ని ఇలా చల్లబరచొచ్చు.

కాగితం మీద అంతే. పలక మీద మాత్రం నీళ్లు నా మాట వినలేదు. గిన్నెలో పుట్టిన బుడగ హాయిగా పైకి లేచిపోతుంది. సన్న కాలువలో పుట్టిన బుడగకు చోటేదీ? ఈ గోడ నుంచి ఆ గోడకు నిండిపోయి, ముందుకీ వెనక్కీ సాగుతుంది. వచ్చే నీటిని వచ్చిన దారినే తోసేస్తుంది. ఒక కాలువ ఎండిపోతే పక్కది పొంగేది. ఉష్ణోగ్రత అంకెలు ఒక్క క్షణం కుదురుగా ఉండేవి కావు.

సరిగ్గా అప్పుడే మా మావ ల్యాబులోకి వచ్చాడు. అమ్మకు తమ్ముడు, భావనపాడులో పడవ మీద వేటకెళ్తాడు. ఇంజను సామాను కొనడానికి టెక్కలి వస్తూ, అమ్మ పంపిన చేపల పులుసు క్యారేజీ తెచ్చాడు.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు?"

"మరిగే నీల్లతో వేడి తగ్గిత్తన్నాను మావా."

"మరిగే నీల్లతో సల్లార్సడమేటే! సదివి సదివి మతి గానీ పోనాదా?" అంటూ పలక మీదికి వంగాడు.

లోపల బుడగ ఒకటి గట్టిగా వెనక్కి తన్నింది. పంపు వైపు గొట్టం టప్పున ఊడి, గోరువెచ్చని నీళ్లు మావ చొక్కా తడిపేశాయి.

"ఓలమ్మో! ఇది నన్నే కొడతందే!"

నాతోపాటు ప్రాజెక్టు చేసే స్నేహితురాలు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. నేను హీటరు ఆపి, నేల తుడుస్తూ కూడా నవ్వుతూనే ఉన్నాను.

వెనక్కి తన్నకుండా ఆపే ఉపాయం అప్పటికే మా దగ్గర సిద్ధంగా ఉంది. కాలువల కంటే సన్నని రంధ్రాలున్న ఇత్తడి బద్ద. ఒక్కో కాలువ మొదట్లో ఒక్కో రంధ్రం వచ్చేలా దాన్ని బిగిస్తే, నీళ్లు ముందుకు పోతాయి గానీ బుడగ అంత ఇరుకులోంచి వాటిని వెనక్కి తోయలేదు. ఆ రంధ్రాలు వేయడానికి వర్క్‌షాపులో ఎన్ని డ్రిల్లు ముక్కలు విరగ్గొట్టామో!

"ఇది సూడకుండా ఎల్తే నాకు నిద్దరట్టదు," అని మావ తడి చొక్కాతోనే స్టూలు మీద కూర్చున్నాడు.

బద్ద బిగించి, ఊడిన గొట్టం మళ్లీ తొడిగాం. పంపు వేగం పెంచి, హీటరు వేశాం. ముందు చిన్న చిన్న చుక్కలు. తర్వాత పొడవాటి బుడగలు, ఒకదాని వెనక ఒకటి, అయిదు కాలువల్లోనూ ముందుకే! అంకెలు నిలబడ్డాయి. నేను కేక పెట్టాను. స్నేహితురాలి చేతులు పట్టుకుని బల్లల మధ్య గిరగిరా తిరిగాను. పక్క గదిలోంచి మా సారు పరుగెత్తుకొచ్చి, "మంటలా? ఎక్కడ?" అన్నారు. అంకెలు చూసి, ఆయన కూడా చప్పట్లు కొట్టేశారు. మావ ఇదంతా ఫోనులో తీస్తూనే ఉన్నాడు.

మర్నాడు మావ వీడియో కాల్ చేశాడు. వెనక ఒకటే గోల. ఒడ్డున పడవ నీడలో జనం పోగై, మావ పంపిన వీడియోను ఇంకో ఫోనులో పెట్టుకుని నా బుడగల్నే చూస్తున్నారట. ఏ కాలువ బుడగ ముందు చివరికి చేరుతుందా అని టీల పందెం!

"నువ్వు దేని మీద ఏసినావు మావా?"

"మద్దెనున్న కాలవ మీద."

"అదే గెలుత్తాదని ఎలా తెలుసు?"

గొంతు తగ్గించాడు. "వీడియో తీసింది నేనే గదేటే!"

చుట్టూ జనాన్ని పెట్టుకుని గుసగుసలాడితే ఏం లాభం? ఎవరో "ఓరి దొంగసచ్చినోడా!" అని అరిచారు. తెర మీద ఇసుక, ఆకాశం, మళ్లీ ఇసుక. మావ పరుగు, వెనక నవ్వులు. చివరికి మావ చేత అందరికీ టీ పట్టించాకే వదిలారట.