సీసా అడుగున ఏడు

మా అక్క కూతురికి మూడో నెల నిండేసరికి అక్క సెలవు అయిపోవచ్చింది. అక్క ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మ. పురిటికని అరకులో మా ఇంటికి వచ్చి, ఇంకా మాతోనే ఉంది. వచ్చే సోమవారం నుంచి పొద్దున్నే జీపెక్కి కొండ మీదికి వెళ్తే మళ్ళీ సాయంత్రానికి గానీ రాదు. మధ్యలో పాపకి పాలు పట్టాల్సింది అమ్మా నేనూ. అలవాటు కావాలని మూడు వారాల ముందునుంచే మధ్యాహ్నం ఒక పూట డబ్బాపాలు సీసాతో పడుతున్నాం.

ఆ సీసా విశాఖపట్నం నుంచి చుట్టాలు తెచ్చింది. గాజులా మెరిసేది, కిందపడితే టప్పున ఎగిరి దొర్లేది గానీ పగిలేది కాదు. అందుకే అమ్మకి దాని మీద గురి. చలికాలం. మా లోయలో పొయ్యి మీంచి దించిన పాలు మాట్లాడుతుండగానే చల్లారిపోతాయి. అందుకని అమ్మ సీసాని సలసల కాగే నీళ్ళలో ఉడికించి, వేడి నీళ్ళతోనే పాలపొడి కలిపి, పాప లేచేదాకా సీసాని పొయ్యి గట్టు మీద ఆనించి ఉంచేది. పాలు చల్లబడనివ్వకపోవడమే ఆవిడ లెక్కలో పెంపకం.

ఒక మధ్యాహ్నం కడుగుతూ చూస్తే సీసా మసకబారి ఉంది. చలికి నోటి ఆవిరి పట్టిన అద్దంలా. బట్టతో తుడిచాను, పోలేదు. వాసన చూశాను. కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పటి వాసన, చాలా సన్నగా. బోర్లించాను. అడుగున చిన్న త్రిభుజం, అందులో ఏడు అంకె.

ఏడెందుకు? నాకు అలాంటివి పట్టుకుంటే నిద్ర పట్టదు. ఇంట్లో ప్లాస్టిక్ వస్తువులన్నీ బోర్లించి చూడడం మొదలుపెట్టాను. మంచినీళ్ళ సీసా కింద ఒకటి. కిరసనాయిలు డబ్బా కింద రెండు. పప్పుల డబ్బా కింద అయిదు. బకెట్టు కింద ఏమీ లేదు.

"ఏటే గుంటా, ఇల్లంతా బోర్లిత్తన్నావు? తాతలు లంకెబిందెలేటైనా దాసారేటి?" అంది అమ్మ.

సమాధానం లైబ్రరీలో దొరికింది. మాకు పేపర్లు ఒకరోజు ఆలస్యంగా వచ్చేవి, ఆదివారం సంచికలను ఎవరూ చించకపోతే నెలల తరబడి ఉండేవి. అందులో ఒక డాక్టరు రాసిన శీర్షిక. గట్టిగా, గాజులా ఉండే ఒక రకం ప్లాస్టిక్‌లో ఒక రసాయనం ఉంటుందట. వేడి తగిలినప్పుడు, గీతలు పడినప్పుడు కొంచెం కొంచెంగా పాలలోకి దిగుతుందట. ఒంట్లోని హార్మోన్లలా నటిస్తుందట. ఏడు అంటే 'మిగతా రకాలన్నీ' అని అర్థం. అన్ని ఏడుల్లోనూ అది ఉండదు, కానీ లేదని సీసా మీద రాసి లేకపోతే తెలుసుకునే దారి లేదు. రెండుసార్లు చదివాను. వేడినీళ్ళు, పొయ్యి గట్టు. మేము చేస్తున్నవే.

చెప్పడం నాకు చదవడమంత తేలిక కాదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మూడుసార్లు నోరు తెరిచి మజ్జిగ అడిగాను. నాలుగోసారి చెప్పేశాను.

అక్క ముద్ద కంచంలోనే వదిలేసింది. "మూడు వారాలు పట్టేశాం కదే. ఇప్పుడు చెప్తావా?"

"నాకూ ఇవాళే తెలిసిందక్కా."

"ఉడకబెట్టకుండా పడితే ఇరోసనాలు. ఉడకబెడితే నీ పేపరోడు ఒద్దంటాడు. గుంట ఏటి తాగుద్ది మరి, గాలా?" అంది అమ్మ.

మర్నాడు సంత. సీసాలు అమ్మే ఫ్యాన్సీ షాపుకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక్కొక్కటే తీయించి బోర్లించి చూశాను. మూడింటి కింద ఏడు. ఒకదాని కింద ఏమీ లేదు. పై అరలో దుమ్ము పట్టిన గాజు సీసా ఒకటి ఉంది, దాని మూతి అంచు చెక్కిపోయింది.

"సీసా కొంటావా, జాతకం సూత్తావా తల్లీ?" అన్నాడు షాపాయన. వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. "లేదండీ, మళ్ళీ వస్తాను" అని ఖాళీ చేతులతో వచ్చేశాను.

అక్క గట్టిగానే చెప్పింది: "ఆదివారం దాకా చూస్తాను. ఇంకేదైనా దారి దొరికితే సరే. లేకపోతే అదే సీసా. ఉద్యోగం మానుకోలేను, దాన్ని పస్తూ పెట్టలేను."

శనివారం చిక్కుడు గింజలు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు తెచ్చే కొండావిడ వచ్చింది. వీపుకి గుడ్డతో కట్టుకున్న మనవడు ఏడుస్తున్నాడు. మా గుమ్మంలో కూర్చుని, ఒక అడ్డాకుని దొప్పలా మడిచి, ముంతలోని చోడంబలి, అదే రాగిజావ, పైతేట పోసి, దొప్ప మొనని వాడి కింది పెదవికి ఆనించింది. పోయలేదు. ఊరికే ఆనించి ఉంచింది. వాడు నాలుక చాపి తనే లాక్కున్నాడు.

"సీసా లేదా?" అని అడిగాను. తెలియనివాళ్ళతో నేనై మాట కలపడం నాకే వింత.

"సీసా ఎందుకమ్మా, నోరుంది కదా."

"ఆవుపాలైనా పట్టరా?"

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఆవుపాలు దూడవి కదా పాపమ్మా." ఇంకా చాలా అడగాలనిపించింది. తల్లి పొలానికి వెళ్తే ఎలాగ, ఇంకా చిన్నపిల్లలైతే ఎలాగ? "చిన్నోళ్ళకి ఇంకో తల్లి ఇత్తాది. నేదంటే ఇలాగే, సుక్క సుక్క. బేగి పొయ్యకూడదు, అంతే" అంది.

మా ఇంట్లో అంచు మడిచిన చిన్న స్టీలు గ్లాసు ఉంది. దాన్ని ఉడికించాను. అక్క తన పాలే పిండి ఇచ్చింది. పాపని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని గ్లాసు ఆనించాను. మొదటిసారి అంతా మెడ మడతల్లోకి పోయింది. ఆదివారం సగం నా చీరకి. "నీ సీర పెరుగుద్ది గుంట పెరగదు" అంది అమ్మ. పొద్దుపోయాక రెండు గుక్కలు లోపలికి వెళ్ళాయి. ఆ రెండు గుక్కల మీద ఆశ పెట్టుకుని అక్క సోమవారం జీపెక్కింది.

మధ్యాహ్నం పాప గుక్కపట్టి ఏడ్చింది. అక్క పిండి పెట్టి వెళ్ళిన పాలు గ్లాసులో చూపిస్తే మొహం తిప్పేసుకుంది. అమ్మ ఇక ఆగలేక సీసా తీసి, పొయ్యి మీది వేడినీళ్ళు అందులోకి వంచబోయింది.

"అమ్మా, ఒద్దు!" అన్నాను. ఇంట్లో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఒక్క పావుగంట. అప్పటికీ తాగకపోతే నీ ఇష్టం."

పాపని భుజాన వేసుకుని వాకిట్లో తిరిగాను. ఏడుపు కాస్త తగ్గాక ఎండలో కూర్చున్నాను. తొందరపడి వంచుతున్నానని అప్పుడు తెలిసింది నాకు. ఈసారి గ్లాసు పెదవికి తాకించి, చెయ్యి కదలకుండా ఆపాను. కొండావిడలాగే. చాలాసేపటికి చిన్న నాలుక బయటికొచ్చి, అంచు తడిమి, పిల్లిపిల్లలా గతికింది. మళ్ళీ గతికింది.

సాయంత్రం అక్క చెప్పులైనా విప్పకుండా వచ్చింది. "ఎంత తాగింది?"

నాకు తెలియదు. సీసా మీద గీతలుంటాయి, గ్లాసు మీద ఉండవు. నా కొంగుకి ఎంత పోయిందో, కడుపులోకి ఎంత పోయిందో ఎలా చెప్పను? ఆ మూడు వారాల్లో ఆ సీసా నుంచి పాపలోకి ఏం దిగిందో, అసలు దిగిందో లేదో, అదీ నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు.

అమ్మే పెరటివైపు చెయ్యి చూపించింది. "ఆరు గుడ్డలు తడిపింది. తాగకండానే తడుపుద్దేటి?"

అక్క పెరట్లోకి వెళ్ళి, దండెం మీది గుడ్డలు ఒక్కొక్కటే ముట్టుకుంటూ పైకే లెక్కపెట్టింది. ఆరూ ఉన్నాయి.