సంతాపం మేస్త్రి వేసిన అంచనా

మా వీధి ఎలక్ట్రీషియన్ ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ ఇంటి వైరింగుకు సంతాపం తెలుపుతాడు. మీటరు పెట్టె మూత తీసి, టోపీ చంకలో పెట్టుకుని, తల దించుకుని రెండు నిమిషాలు మౌనం పాటిస్తాడు. ఆ తర్వాతే టెస్టరు బయటికొస్తుంది. పక్కింటి గీజరు ముందు అతను కార్చిన కన్నీళ్లకు వీధంతా ఫ్యూజులు ఎగిరిపోయాయంటే నా మనవలు నమ్మరు. అందరూ అతన్ని సంతాపం మేస్త్రి అనే పిలుస్తారు.

మా ఆవిడకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మా అమ్మాయి తన కరెంటు కారులో తీసుకెళ్లి తీసుకొస్తుంది. డయాలసిస్ అయ్యేదాకా అమ్మ పక్కనుంచి కదలదు కాబట్టి, చార్జు తగ్గినప్పుడల్లా వచ్చే దారిలోనే చార్జింగు స్టేషన్ దగ్గర గంటసేపు క్యూ. నీరసంతో తల నిలబెట్టలేని మనిషి ఆ సీట్లోనే ముడుచుకుని ఉండేది. "శవాన్నయినా ఇంతసేపు దారిలో ఆపరు," అని ఒకరోజు తనే అంది.

ఇక ఇంట్లోనే చార్జింగు పెట్టించాలనుకున్నాం. కారు షోరూం మనిషి వచ్చి గోడకు బిగించే పెద్ద చార్జరు, లోడు పెంపు, కొత్త మీటరు, లావుపాటి కేబులు అంటూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. అందులో అంకె మా ఆవిడ ఎనిమిది నెలల వైద్యం ఖర్చంత ఉంది.

సంతాపం మేస్త్రిని పిలిచాను. మీటరు పెట్టె ముందు మౌనం మొదలైంది. కాన్వెంటు బడిలో ప్రార్థన అలవాటుకొద్దీ నేనూ చేతులు జోడించాను.

"పోయింది సార్."

"ఏది?"

"మెయిన్ వైరు. ఎప్పుడో పోయింది, మీరే చూసుకోలేదు. దీనికి ఆ పెద్ద చార్జరు తగిలిస్తే ముందు ఈ పెట్టె కాలుతుంది. తర్వాత కారు. ఆ తర్వాత..." లోపల మా ఆవిడ పడుకున్న మంచం వైపు చూసి ఆగాడు. "నా నోటితో ఎందుకు లెండి."

మా అమ్మాయికి ఒళ్లు మండింది. "భయపెట్టి బిల్లు పెంచుతున్నాడు, పంపించెయ్ నాన్నా."

"రోజుకు ఎంత తిరుగుతారమ్మా?"

"ఆసుపత్రికి పోనూ రానూ ముప్పై కిలోమీటర్లు."

"అయితే ఇదీ పోయిందనుకోండి," అని షోరూం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "మెయిన్ వైరు మార్చి, గేటు దాకా విడిగా ఒక లైను, పదహారు ఆంపుల ప్లగ్గు, తేడా వస్తే ఆపేసే ట్రిప్పరు, మంచి ఎర్తింగు. రాత్రి పెడితే తెల్లారేసరికి చార్జు మెల్లగా ఎక్కుతుంది. ఇందులో ఐదో వంతు కూడా కాదు."

"ఎర్తింగు తీసేస్తే ఇంకా తగ్గుతుందేమో," అన్నాను.

"తీసేద్దాం సార్. నాకు టోపీ తీయడం అలవాటే."

ఎర్తింగు ఉంచమన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంది అమ్మాయి.

"చవకలో అయిపోతుందంటే ఎవరూ నమ్మరమ్మా. చావు కబురైతే కూర్చుని వింటారు."

రెండు రోజుల్లో పని పూర్తయింది. ఆ మధ్యాహ్నం కారు ఆసుపత్రి నుంచి ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చింది. మా ఆవిడ గేటు దగ్గర కుర్చీలో కూలబడి, మేస్త్రి ప్లగ్గు పెట్టడం చూసింది.

"అందరికీ సంతాపం చెబుతావుగా మేస్త్రీ, నన్నోసారి చూసి చెప్పు."

అమ్మాయి మొహం తిప్పుకుంది. ఆ వారం డాక్టరు చెప్పిన మాటలేవీ బాగాలేవు.

మేస్త్రి ఆమెను తేరిపార చూశాడు. చంకలోని టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"మీకు చెప్పనమ్మగారూ. మీలో ఇంకా కరెంటుంది. ముట్టుకుంటే షాకు కొడుతుంది."

"ఆ సంగతి మా ఆయన్నడుగు. నలభై ఏళ్లుగా తింటున్నారు."

మేస్త్రి నా వైపు తిరిగాడు. టోపీ తీసి, తల దించుకుని, రెండు నిమిషాలు మౌనం పాటించాడు.