తడిగుడ్డ మరిది

మా మరిది ఎవరింటికి వెళ్లినా ముందు కిటికీ గట్టు తుడుస్తాడు. మంచినీళ్లు తర్వాత, బాగున్నారా అనడం ఇంకా తర్వాత. అతని ఉద్యోగమే అది. పాత రంగుల నుంచి, బ్యాటరీల నుంచి రాలే సీసం దుమ్ము ఇళ్లలో, బళ్లలో ఎంతుందో, దానివల్ల పిల్లలకు ఎంత ముప్పో కనిపెట్టే సర్వేలో పని. టేపుతో జానెడు చదరం కొలిచి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో పెట్టి, పైన గది పేరు రాసి పరీక్షకు పంపాలి. పనిరోజుల్లో చేస్తే ఉద్యోగం అనుకోవచ్చు. అతను ఆదివారాలు కూడా చేస్తాడు.

ఒకసారి గడ్డం గీయించుకోవడానికి వెళ్లి, సగంలో లేచి కుర్చీ చెయ్యి మీద రంగు గోకడం మొదలుపెట్టాడట.

"ఈ రంగు ఎప్పుడు వేయించావు?"

"మా నాన్న వేయించాడు సార్, కూర్చోండి."

"ఆ రంగుడబ్బా ఉందా?"

"నాన్నే లేడు సార్, డబ్బా ఎక్కడుంటుంది!"

మిగతా సగం గడ్డం మర్నాడు ఇంకోచోట గీయించుకున్నాడు.

ఇంకోసారి బస్సులో ఒక పాప కిటికీ ఊచ నాకుతుంటే ఆగలేకపోయాడు.

"అమ్మా, పాపను ఆ రంగు నాకనివ్వకండి."

"నాకితే నీకేం పోయింది?"

"నాకేం పోదమ్మా, పాపకే తెలివి పోతుంది."

ఆ తల్లి అరిచిన అరుపుకు మా మరిది రెండు స్టాపుల ముందే దిగిపోయాడు.

మా పక్కవాటాలో ఉండే కుట్టుమిషను అక్కయ్య అతనికి తడిగుడ్డ అని పేరు పెట్టింది. "తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్లను చూశాను గానీ, తడిగుడ్డ పట్టుకుని కొంపలన్నీ తిరిగేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానమ్మా" అనేది. నేను నవ్వేదాన్ని. అప్పుడు మా ఆయన ఉన్నాడు.

ముందుగదిలో మా ఆయన పాత బ్యాటరీలు విప్పి బాగుచేసేవాడు. ఆయన పోయిన రోజున అందరూ ఏడుస్తుంటే మరిది కిటికీ దగ్గరికి వెళ్లి గట్టు తుడిచాడు. ఏడుస్తూనే కొలిచాడు, ఏడుస్తూనే కవరు మీద రాశాడు. "ఇవాళైనా మానవయ్యా!" అని పెద్దవాళ్లు కసిరారు. వెళ్లేటప్పుడు మా అమ్మాయితో, "నేను చెప్పేదాకా పాపను ఈ ఇంటికి తీసుకురాకు. రిపోర్టు రావాలి" అన్నాడు. నా మనవరాలికి అప్పుడు ఎనిమిదో నెల.

ఆ పిల్ల వస్తుందన్న ఆశతోనే నేను పొద్దున లేచేదాన్ని. ఒక్కదానికి వండుకోవడం ఎలాగో నాకు ఇంకా చేతకాలేదు. ఏ పూటా కొలత కుదరదు. రోజంతా మాట్లాడక సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది.

ఆదివారం ఆదివారం మరిది వచ్చేవాడు.

"రిపోర్టు వచ్చిందా?"

"శాంపిలు చెడిపోయింది వదినా. మళ్లీ తీయాలి."

ఒక వారం కిటికీ, ఒక వారం అలమార, ఒక వారం మంచం కింద. నాలుగోసారి చెడిపోయేసరికి ఒళ్లు మండింది. "ఏమయ్యా, మీ ఆఫీసులో శాంపిళ్లను ఎండలో పెడతారా ఏమిటి?" అని దులిపేశాను. కానీ నిజం చెప్పొద్దూ, చెడిపోయిందంటే వచ్చే వారం కూడా ఒక మనిషి వస్తాడని లోపల ఎక్కడో సంతోషంగా ఉండేది.

ఎనిమిదో ఆదివారం అతను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. సంచి తెరిచి ఉంది. తుడిచిన గుడ్డలన్నీ ఒకే పెద్ద కవరులో కుక్కి ఉన్నాయి. దేని మీదా గది పేరు లేదు. నేను చదివింది మూడో తరగతే గానీ, రాయని కవరును మా మరిది పరీక్షకు పంపడని నాకు తెలుసు.

"వీటిమీద ఏమీ రాయలేదేం?"

తడిచేతులతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మొదటిదొక్కటే పంపాను వదినా. రిపోర్టు పది రోజులకే వచ్చింది."

"ఏముంది అందులో?"

"ఉండకూడనంత ఉంది."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అన్నయ్య కష్టపడి సంపాదించిన డబ్బుతోపాటు ఇదీ ఇంట్లో పోగేశాడని చెప్పనా? ఆ మాట నీ చెవిన పడకుండా ఇల్లంతా తుడిచేసి, బాగుందన్న కాగితమే నీ చేతికిద్దామనుకున్నాను. కానీ ఎంత తుడిచినా వారం తిరిగేసరికి మళ్లీ అదే బూడిదరంగు దుమ్ము! ఎక్కణ్ణుంచి వస్తోందో నా బుర్రకు అందడం లేదు."

నాకు అందింది. శనివారం శనివారం నేను బీరువా తీసి, మా ఆయన పనిచొక్కా కాసేపు ఒళ్లో పెట్టుకుని, ముందుగదిలో బాగా దులిపి లోపల పెట్టేదాన్ని. ఆ తర్వాత, మరిది వస్తాడు గదా ఇల్లు శుభ్రంగా కనపడాలని, పొడి చీపురుతో మూలమూలా ఊడ్చేదాన్ని.

ఆ సంగతి చెప్పాను. మరిది నా వంక చూశాడు.

"ఎనిమిది వారాలూనా?"

"ఒక్క శనివారం కూడా మానలేదయ్యా."

"అంటే నేను తుడవడం, నువ్వు దులపడం!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో! అక్కయ్య మిషను ఆపి గోడ అవతలి నుంచి, "ఏమైందే?" అని కేకేసింది.

చొక్కా నేనే తెచ్చి ఇచ్చాను. పైగుండీ ఒక్కటి కత్తిరించుకున్నాను. దాన్ని మరిది సబ్బుతో మూడుసార్లు కడిగి, చెంగుకు తుడవనివ్వకుండా, ఆరేదాకా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మూడు ఆదివారాలు ఇద్దరం తడిగుడ్డలతోనే ఇల్లంతా తుడిచాం. నాలుగో ఆదివారం గదికో కవరు, కవరుకో పేరు.

బాగుందన్న కాగితం వచ్చిన రెండో రోజున అమ్మాయి పాపను తెచ్చి ముందుగదిలో దించింది. పాప పాకుతూ పాకుతూ కిటికీ కిందికి వెళ్లి, నేల మీద రెండు చేతులూ బాగా రుద్ది, ఒక చేతిని మణికట్టుదాకా నోట్లో పెట్టుకుంది. అమ్మాయి కంగారుగా లేవబోయింది. నేను మరిది వంక చూశాను.

"తిననీ వదినా" అన్నాడతను నేలమీద చతికిలబడుతూ. "రెండో చెయ్యి కూడా పెట్టుకోమను."