అమ్మన్నమ్మ వరస

మా గుణుపురం హార్మనీ గున్నయ్యంటే మాటలా? ఒరిస్సా వేరుపడిన ఏడాది కొన్న హార్మనీ పెట్టెతో రాయగడ నాటకాలకు పాటలు కట్టాడు, జయపురం దసరాలో శాలువా కప్పించుకున్నాడు. చుట్టుపక్కల శవం వెంట పాడే ప్రతి భజన వరసా ఆయనదే. పెద్దవాళ్ళు మంచం పట్టగానే పక్కన కూర్చుని, వాళ్ళ దగ్గూ ఆయాసమూ వింటూ, ఎడమచేత్తో తిత్తి ఊపుతూ వరస అల్లేవాడు. అది ముగిసిన రోజే ప్రాణం పోయేది. "గున్నయ్య మావ వస్తన్నాడు, ముసిలోళ్ళు దగ్గు దాసుకోండి!" అని నవ్వుతూనే మా ముసలాళ్ళను లోపలికి పంపేసేవాళ్ళం.

ఒక వానాకాలం ఆయన భార్య అమ్మన్నమ్మకు చలిజ్వరం వచ్చింది. అరుగు మీద ఆయన వేళ్ళు వాటంతటవే పెట్టె మీద కదిలాయి. లోపల్నుంచి ఆవిడ, "ఏటయ్యా, నాదేనేటి? బాగున్నాదిలే, పూర్తి సేసీ," అంది. చివరి పాదం దగ్గర ఆయన తిత్తి మూసేశాడు. ఆవిడ లేచి తిరిగింది. ఆ తర్వాత కొత్త వరస కట్టలేదు. రోజూ దాన్నే అక్కడిదాకా వాయించి ఆపేవాడు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఆయన పోతే, మా నోటికొచ్చింది అదొక్కటే. అక్కడిదాకా పాడి ఆగిపోయాం, పాడె మోసేవాళ్ళూ ఆగిపోయారు. గడపలోంచి అమ్మన్నమ్మ, "ఆపీసినారేటి? మడిసిని నడివీదిలో ఉంచీసి?" అని, ఎవరూ ఎన్నడూ వినని ఆ చివరి పాదం తానే పాడింది. పాడె కదిలింది. వెనక్కి తిరిగి గడప వంక చూడడానికి మాలో ఎవరికీ మెడ తిరగలేదు.